గోల్ కొట్టని కుర్రాడి బంధువులకు కొన్ని సూచనలు

విశాఖలో ఏ ఇంట్లోనైనా కుర్రాడు ప్రొఫెషనల్ ఫుట్‌బాల్లో డిఫెండర్‌గా, అంటే అవతలివాళ్లు గోల్ కొట్టకుండా అడ్డుకునేవాడిగా, చేరాడని తెలిస్తే చుట్టాలడిగే మొదటి ప్రశ్న: "ఎన్ని గోల్స్ కొట్టాడు?" దీనివల్ల కుటుంబ ప్రతిష్ఠకు కలుగుతున్న నష్టం దృష్ట్యా, బంధుమిత్రుల సౌకర్యార్థం ఈ వివరణ.

ఫార్వర్డ్ పేరు పేపర్లో పడితే గోల్ కొట్టినట్టు. డిఫెండర్ పేరు పడిందంటే పెనాల్టీ ఇచ్చాడనో, రెడ్‌కార్డు తిన్నాడనో, సొంత గోల్లోకి తన్నాడనో అర్థం. కాబట్టి మొదటి రెండు సీజన్లూ మీవాడి పేరు ఎక్కడా కనబడకపోతే సింహాచలం వెళ్లి మొక్కు తీర్చుకోండి. ఏటా ఉత్తమ ఫుట్‌బాల్ ఆటగాడికిచ్చే, 1956లో మొదలైన బాలన్ డోర్ పురుషుల అవార్డును డిఫెండర్లలో ముగ్గురే అందుకున్నారు: బెకెన్‌బావర్, సామర్, కన్నవారో. చివరిది 2006లో. నాలుగోవాడు మీవాడేనన్న నమ్మకం ఉంటే ఉండనివ్వండి, బయట మాత్రం అనకండి.

మ్యాచ్‌కి వెళితే వాడు ఊరికే నిలబడ్డట్టు కనిపిస్తాడు. వాడి ఉద్యోగమే అది. వింగర్ (మైదానం అంచున పరుగెత్తే ఫార్వర్డ్) బంతితో మీదికొస్తుంటే చేయి చాచినంత దూరంలో ఆగాలి. ఒక భుజం ముందుకు పెట్టి ఓరగా తిరిగి, మోకాళ్లు వంచి, చిన్న అడుగులతో వెనక్కి జరుగుతూ అతణ్ని టచ్‌లైన్ (మైదానం పక్క గీత) వైపు, వీలైతే అతనికి వాటం లేని కాలి వైపు మళ్లించాలి. రెండు పాదాలూ సమంగా పెట్టి ఎదురుగా నిలబడ్డాడా, బంతి కాళ్ల సందులోంచి పోతుంది. సరిగ్గా అప్పుడే మేనమామ లేచి "దూకరా! కాలెయ్యి!" అని అరుస్తాడు. పద్దెనిమిదేళ్ల గుంటడికి ఆ కేక వినబడుతుంది, చిక్కంతా అక్కడే. దూకినవాడు నేలమీద, వింగర్ గోల్ ముందు. ఆర్కే బీచ్‌లో ఆడి పెరిగినవాడికి ఈ జబ్బు మరీ ఎక్కువ. ఇసుకలో జారితే బంతి కూరుకుపోతుంది, ఒంటికేమీ కాదు. గట్టి మైదానంలో జారితే బంతి వెళ్లిపోతుంది, తొడ మీది తోలు అక్కడే ఉండిపోతుంది.

ఇక ఆఫ్‌సైడ్ లైన్. తనవాళ్లు బంతి అందించే క్షణానికి ఫార్వర్డ్ డిఫెండర్ల వరసను దాటి గోల్ వైపున ఉంటే ఆఫ్‌సైడ్, అతని ఆట చెల్లదు. అవతలివాళ్లు బంతిని వెనక్కి ఆడగానే నలుగురు డిఫెండర్లూ ఒక్కసారే నాలుగడుగులు ముందుకు రావాలి. ముగ్గురొచ్చి నాలుగోవాడు లేసు చూసుకుంటుంటే, అవతలి ఫార్వర్డులందరికీ వాడొక్కడే గేట్‌పాస్. ఒకప్పుడు ఆఫ్‌సైడ్ కాకూడదంటే ఫార్వర్డ్‌కీ గోల్‌లైన్‌కీ మధ్య గోల్‌కీపర్‌తో కలిపి అవతలి జట్టువాళ్లు ముగ్గురుండాలి. 1925లో ఇద్దరు చాలన్నారు. 1990లో ఆ ఇద్దరిలో ముందున్నవాడితో సమానంగా ఉన్నా ఫర్వాలేదన్నారు. మారిన ప్రతిసారీ లాభం గోల్ కొట్టేవాడికే. డిఫెండర్లకు యూనియన్ లేదు మరి.

గోల్ కొట్టి తీరాలని పట్టుబట్టే పెద్దలు ఒకటి గమనించాలి. 1962 జకార్తా ఆసియా క్రీడల ఫైనల్లో మన డిఫెండర్ జర్నైల్ సింగ్ గోల్ కొట్టాడు. దక్షిణ కొరియా మీద 2-1తో స్వర్ణం వచ్చింది. అంతకుముందు తల పగిలి కుట్లు పడబట్టే కోచ్ రహీం ఆయన్ని ఫార్వర్డ్‌గా దింపారు. మీ కోరిక కూడా అదేనా?

జీతభత్యాలు. 18 నిండనివాడితో క్లబ్ మూడేళ్లకు మించి కాంట్రాక్టు రాయించుకోకూడదని ప్రపంచ ఫుట్‌బాల్ సంఘం ఫిఫా నిబంధన. ఆ మూడేళ్లలో ఎన్నాళ్లు బెంచీ మీద కూర్చోబెట్టాలో అందులో లేదు. విశాఖకు ఐఎస్ఎల్ (ఇండియన్ సూపర్ లీగ్) క్లబ్ లేదు కనుక ముందు ఊరు వదలాలి. వెళ్లినచోట సెంటర్‌బ్యాక్‌లో, అంటే గోల్ ముందు మధ్యలో నిలబడే డిఫెండర్ స్థానంలో, ఆరడుగుల విదేశీయుడుంటాడు. 2021-22లో మైదానంలో విదేశీయుల్ని ఐదుగురి నుంచి నలుగురికి తగ్గించారు గానీ, తగ్గేవాడు సెంటర్‌బ్యాకే కావాలని ఎవరూ రాయలేదు. రేపు ఏ విదేశీ క్లబ్బో కాంట్రాక్టు మధ్యలో డబ్బిచ్చి కొనుక్కుంటే, అందులో 5 శాతం 12 నుంచి 23 ఏళ్ల మధ్య వాడికి ఆట నేర్పిన క్లబ్బులకు పోతుంది. కాంట్రాక్టు అయిపోయాక ఉత్తినే మారితే సున్నాలో 5 శాతం. పొద్దున్నే లేపి ఆట నేర్పిన వీధి కోచ్ గారికి రిజిస్టరైన క్లబ్ లేకపోతే ఆ సున్నా కూడా రాదు.

పెళ్లిచూపుల్లో "అబ్బాయి ఏం చేస్తాడు?" అంటే "ఏమీ జరక్కుండా చూస్తాడు" అనకండి. స్టీల్‌ప్లాంట్ సెక్యూరిటీ అనుకుని ఏ షిఫ్టని అడుగుతారు. రైల్వే స్పోర్ట్స్ కోటాకి అప్లై చేశాడని చెప్పండి. ఆ తర్వాత గోల్స్ లెక్క ఎవరూ అడగరు.