పడకలు సరే, థియేటర్ల సంగతేంటి?

హైదరాబాద్ గోషామహల్‌లో కొత్త ఉస్మానియా ఆసుపత్రికి 2025 జనవరి 31న శంకుస్థాపన జరిగినప్పుడు అందరి నోటా వినపడింది ఒకటే అంకె: 2,000 పడకలు. 2022లో అల్వాల్, సనత్‌నగర్, ఎల్బీనగర్ టిమ్స్‌ (తెలంగాణ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మెడికల్ సైన్సెస్) ఆసుపత్రులప్పుడూ అంతే, ఒక్కోటి వెయ్యి పడకలన్నారు. ఇందులో పత్రికల తప్పూ ఉంది. శీర్షికలో ఇమిడేది పడకల లెక్కే కాబట్టి మేమూ దాన్నే పట్టుకుంటాం. ఆపరేషన్ కోసం వచ్చిన మనిషికి మాత్రం మంచం దొరకడం సగం పనే.

మిగతా సగం ఎలా ఉంటుందో ఏ పెద్దాసుపత్రి ఆపరేషన్ థియేటర్ ముందు గంటసేపు నిలబడ్డా తెలుస్తుంది. హెర్నియా ఆపరేషన్ అని రాత్రి నుంచి పచ్చి మంచినీళ్లు కూడా ముట్టని పెద్దాయన గౌను వేసుకుని స్ట్రెచర్ మీద పడుకుని ఉంటాడు. చేతికి సెలైన్ సూది పెట్టేసి ఉంటుంది. పదకొండింటికి యాక్సిడెంట్ కేసు వస్తుంది. దాన్ని ఆపమని ఎవరూ అనరు, అనకూడదు కూడా. రెండు దాటాక సిస్టర్ బయటికొచ్చి, ‘తాతా, ఇవాళ కాదులే, అన్నం తిను, శుక్రవారం చూద్దాం’ అంటుంది. ఆ యూనిట్‌కు ఆపరేషన్ రోజులు మంగళ, శుక్రవారాలే మరి. ఈ మూడు రోజులూ వార్డులో మంచం ఆయన పేరు మీదే ఉంటుంది. అదే మంచం కోసం ఇంకెవరో ఓపీ దగ్గర సంచి పట్టుకుని కూర్చుని ఉంటారు. బెడ్లు లేవు అని వాళ్లకు చెబుతారు.

నిజానికి లేనిది బెడ్డు కాదు. చిన్న లెక్క చూడండి. రోజుకు పదిమంది చేరుతూ ఒక్కొక్కరు సగటున ఐదు రోజులుంటే 50 మంచాలు నిండిపోతాయి. ఆపరేషన్‌కు ముందు ఎదురుచూపులో ఒక్క రోజు తగ్గిస్తే 40 చాలు. ఒక్క ఇటుక పేర్చకుండానే పది పడకలు వచ్చినట్టు. పదిమంది అన్నది సగటే సుమా. ఒకరోజు ఆరుగురు వస్తారు, మరోరోజు పద్నాలుగు మంది వస్తారు. సగటుకు సరిపడా మాత్రమే సర్దుకున్న ఆసుపత్రి పద్నాలుగు మంది వచ్చిన రోజున కుప్పకూలుతుంది.

అమెరికాలో మిస్సోరి రాష్ట్రం స్ప్రింగ్‌ఫీల్డ్‌లోని సెయింట్ జాన్స్ ఆసుపత్రి 2000ల మొదట్లో సరిగ్గా ఈ గొడవలోనే పడింది. అక్కడ 32 థియేటర్లుండేవి, అన్నీ కిక్కిరిసి ఉండేవి. ఎమర్జెన్సీ రాగానే ముందే రాసుకున్న కేసులన్నీ వెనక్కి జరిగేవి. సర్జన్లు రాత్రిదాకా థియేటర్లోనే ఉండాల్సి వచ్చేది. పరిష్కారంగా వాళ్లు ఒక థియేటర్‌ను ఖాళీగా పెట్టారు, అనుకోకుండా వచ్చే కేసుల కోసం. ఉన్నవే చాలక చస్తుంటే ఒకటి లాగేసుకుంటారా అని సర్జన్లు మండిపడ్డారు. కానీ ఆ తర్వాత మొత్తం ఆపరేషన్లు 5 శాతం పెరిగాయి, మధ్యాహ్నం మూడు దాటాక చేయాల్సినవి బాగా తగ్గాయి. ఫలానా రోగి ఫలానా రోజు వస్తాడని ఎవరూ చెప్పలేరు. రోజుకు ఎన్ని ఎమర్జెన్సీలు వస్తాయో మాత్రం ఏ ఆసుపత్రి రిజిస్టరైనా చెబుతుంది.

ఇలాంటప్పుడు మదురై అరవింద్ కంటి ఆసుపత్రి పేరు చెప్పడం మనకు అలవాటు. ఒక సర్జన్, పక్కపక్కనే రెండు టేబుళ్లు, ఒకరికి శుక్లం తీస్తుంటే రెండో రోగి సిద్ధంగా ఉంటారు. అద్భుతమే, కాదనం. అయితే శుక్లం ఆపరేషన్ నిమిషాల పని, ఎంతసేపు పడుతుందో ముందే తెలుస్తుంది. పొట్ట కోసి చూస్తే తప్ప లోపల ఏముందో తెలియని జనరల్ సర్జరీకి దాన్ని యథాతథంగా దించితే బెడిసికొడుతుంది.

థియేటర్ పెంచినా మత్తు డాక్టర్ లేకపోతే అది తాళం వేసిన గదే. మంచాలు వేయడం పెద్ద పనేం కాదు. 2020లో గచ్చిబౌలి క్రీడాప్రాంగణంలో ఒక టవర్‌ను వారాల్లోనే 1,500 పడకల ఆసుపత్రిగా మార్చి చూపించాం. మత్తు డాక్టర్ తయారవ్వాలంటే ఎంబీబీఎస్ ఐదున్నరేళ్లు, ఆపై పీజీ మూడేళ్లు. అంటే పునాదిరాయి వేసే రోజునే ఆ పోస్టుల సంగతీ తేల్చాలి. సర్జన్లు, మత్తు డాక్టర్లు, ప్రసూతి నిపుణులు కలిపి లక్ష జనాభాకు కనీసం 20 మంది ఉండాలని 2015లో వైద్య పత్రిక లాన్సెట్ వేసిన కమిషన్ చెప్పింది. ఆ 20 మందీ రాజధానిలోనే పోగైతే మాత్రం ఏజెన్సీలోని ఉట్నూరుకో పాడేరుకో ఒరిగేదేమీ లేదు.

కొత్త భవనాలు పూర్తయ్యేలోపు పైసా ఖర్చులేని పని ఒకటుంది. ప్రతి బోధనాసుపత్రి థియేటర్ల లెక్క నెలనెలా బయటపెట్టాలి. మొదటి కేసుకు కత్తి పెట్టింది తొమ్మిదింటికా, పదిన్నరకా? ఒక కేసు అయ్యాక టేబుల్ ఎంతసేపు ఖాళీగా ఉంది? లిస్టులో రాసి చేయనివెన్ని, ఎందుకు? మత్తు డాక్టర్ రాలేదా, రక్తం దొరకలేదా, ఐసీయూలో మంచం లేదా, పరికరాల సెట్ స్టెరిలైజ్ అయి రాలేదా, స్ట్రెచర్ తోసే మనిషి లేడా? ‘పోస్ట్‌పోన్’ అని ఒక్క మాట రాసి వదిలేయకుండా కారణం కూడా రాయాలి. ఏ కారణం ఎన్నిసార్లు వచ్చిందో ఆరు నెలల పాటు చూసి, గోషామహల్‌లో ఎన్ని థియేటర్లు ముందే లిస్టులో రాసుకున్న కేసులకు, ఎన్ని ఎమర్జెన్సీకి అన్నది అప్పుడు తేల్చుకోవచ్చు.