ప్రెస్ చేసిన సంగతి లేబుల్ మీద ఎందుకు రాయరు?

పాత కామిక్ అట్ట మీద రంగు లేచిపోయిన చోట ఎవరో సన్నటి బ్రష్‌తో కాస్త రంగు అద్దారనుకోండి. కామిక్‌లకి గ్రేడ్ ఇచ్చే సీజీసీ అనే సంస్థకి పంపితే వాళ్ళు మామూలుగా దాన్ని పట్టేస్తారు. మరమ్మతు చేసిన పుస్తకమని చెప్పే ఊదా రంగు లేబుల్ పడుతుంది, దాంతో ధర దబ్బున కిందికొస్తుంది. అదే అట్టకి తేమ పట్టించి, వేడి చేసి, బరువు కింద నొక్కి ముడతలు పోగొట్టారనుకోండి, దీన్నే ప్రెస్సింగ్ అంటారు. మామూలు పుస్తకాలకిచ్చే నీలం లేబుల్ వస్తుంది, గ్రేడ్ పెరుగుతుంది, ధర కూడా పెరుగుతుంది. నొక్కించిన సంగతి మాత్రం లేబుల్ మీద ఎక్కడా ఉండదు. ఈ తేడా నాకు మింగుడుపడటం లేదు.

కొత్తవాళ్ళ కోసం రెండు ముక్కలు. సీజీసీ 2000లో అమెరికాలో మొదలైంది. కామిక్‌ని పరిశీలించి 0.5 నుంచి 10.0 దాకా గ్రేడ్ ఇచ్చి, గట్టి ప్లాస్టిక్ పెట్టెలో మూసేసి పంపుతారు. దాన్నే స్లాబ్ అంటారు. దీనివల్ల జరిగిన మేలు చిన్నది కాదు. అంతకుముందు అమ్మేవాడు చెప్పిందే గ్రేడ్. రంగులు వేసిన, ముక్కలు అతికించిన పుస్తకాన్ని అసలుదని నమ్మి కొన్నవాళ్ళు ఎంతోమంది ఉన్నారు. వాళ్ళ డబ్బు కాపాడింది గ్రేడింగే.

కానీ ఇప్పుడు ధర మొత్తం ఆ అంకె మీదే నిలబడింది. స్పైడర్‌మ్యాన్ మొదటిసారి కనిపించిన అమేజింగ్ ఫ్యాంటసీ 15 చూడండి. 1962లో దాని వెల 12 సెంట్లు. 2021 సెప్టెంబర్‌లో 9.6 గ్రేడ్ కాపీ ఒకటి హెరిటేజ్ అనే సంస్థ వేలంలో 36 లక్షల డాలర్లు పలికింది. అప్పటికి సీజీసీ లెక్కలో ఆ గ్రేడ్‌వి నాలుగే ఉన్నాయి, అంతకన్నా పైది ఒక్కటీ లేదు. బాగా నలిగిపోయిన కాపీలో ఉన్నవీ ఆ కథే, ఆ బొమ్మలే. అది వేల డాలర్లలోనే దొరుకుతుంది. గ్రేడ్‌ని బట్టి ధరలో ఇంత తేడా వస్తుందంటే, ప్రెస్ చేయించకుండా ఎవరుంటారు?

ప్రెస్సింగ్ అంటే దాదాపు బట్టలకి ఇస్త్రీ లాంటిదే. రంగు చిట్లని ముడతలు, సొట్టలు, వేలి నొక్కులు పోతాయి. రంగు చిట్లిన మడత పోదు, చిరుగు అతుక్కోదు, పిన్నుల తుప్పు వదలదు. పనితనం తెలిసినవాళ్ళు చేస్తే నష్టం కనబడదు. సరిగ్గా చేయకపోతే అట్ట కుంచించుకుపోయి లోపలి పేజీల అంచులు బయటికొస్తాయి, పిన్నుల దగ్గర కాగితం దెబ్బతింటుంది. ఆ కాలపు న్యూస్‌ప్రింట్ అసలే ఆమ్లంతో పసుపెక్కి పెళుసుబారే సరుకు. దానికి తేమ, వేడి తగిలించినప్పుడు కొనేవాడికి చెప్పాలా వద్దా?

"ప్రెస్ చేశారో లేదో కనిపెట్టలేం కదా, ఎలా రాస్తారు?" అని అడిగేవాళ్ళున్నారు. చాలాసార్లు కనిపెట్టలేరు, నిజమే. అయితే ఇప్పుడు సీసీఎస్ అని పిలిచే ప్రెస్సింగ్ సంస్థని 2012లో సీజీసీ మాతృసంస్థే కొనేసింది. నొక్కేదీ గ్రేడ్ ఇచ్చేదీ ఒకే గొడుగు కింద ఉన్నాయి. గ్రేడ్లు ఇచ్చేవాళ్ళు పక్షపాతం చూపిస్తున్నారని నేను అనడం లేదు. తమ అక్కచెల్లెలి సంస్థలో ఏ పుస్తకాన్ని నొక్కారో వాళ్ళ దగ్గర రికార్డు ఉంటుంది. కనీసం వాటి మీదైనా రాయొచ్చు.

వుల్వరిన్ మొదటిసారి పూర్తిస్థాయిలో కనిపించిన ఇంక్రెడిబుల్ హల్క్ 181 లోపల, ఉత్తరాల పేజీలో ఒక చిన్న స్టాంప్ బొమ్మ ఉంటుంది. అప్పట్లో పిల్లలు దాన్ని కత్తిరించి దాచుకునేవాళ్ళు. అది లేకపోతే ఫలానా లోపం ఉందని చెప్పే ఆకుపచ్చ లేబుల్ వేస్తారు, లేదంటే గ్రేడ్ బాగా తగ్గిస్తారు. 1974లో ఏ పిల్లాడో కత్తెర పెట్టిన సంగతి లేబుల్‌కి ఎక్కుతుంది. పోయిన నెల మెషిన్‌లో పెట్టి నొక్కిన సంగతి ఎక్కదు.

ఇంకో గొడవ కూడా ఉంది. స్లాబ్ పగలగొట్టి, ప్రెస్ చేయించి, మళ్ళీ గ్రేడింగ్‌కి పంపుతారు. పాత లేబుల్ తిరిగి ఇవ్వకపోతే ఒకే పుస్తకం లెక్కలో రెండుసార్లు పడుతుంది. ఏ గ్రేడ్‌లో ఎన్ని కాపీలున్నాయో చెప్పే లెక్క చూసే కదా మనం అరుదని నమ్మి బిడ్ వేసేది!

2024 ఏప్రిల్‌లో, సూపర్‌మ్యాన్ మొదటిసారి కనిపించిన యాక్షన్ కామిక్స్ 1 కాపీ ఒకటి, 8.5 గ్రేడ్‌ది, 60 లక్షల డాలర్లకి పోయింది. ఈ స్థాయి డబ్బు తిరిగే చోట వేలం సంస్థలు ప్రెస్ చేయించారా అని అమ్మేవాడిని ఒక్క ప్రశ్న అడిగి, జవాబు కేటలాగ్‌లో వేయడానికి కష్టమేమీ లేదు.

అమెరికాలో ఉన్న మనవాళ్ళు కొందరు ఈ మధ్య షేర్లతో పాటు స్లాబ్‌లు కూడా కొంటున్నారు. వాళ్ళకి నేను చెప్పేది ఒకటే. ఎప్పుడు ప్రెస్ చేయించారు, ఎవరు చేశారు, అంతకుముందు గ్రేడ్ ఎంత అని అమ్మేవాడిని మెసేజ్‌లో అడగండి. నోటిమాట వద్దు, రాసి ఇమ్మనండి. నేను అలాగే అడుగుతాను. జవాబు దాటేస్తే బిడ్ వేయను.