ఋషికొండ భవనం సరే, కొండ సంగతేమిటి?

విశాఖ సముద్రతీరంలోని ఋషికొండ మీద గత వైఎస్సార్ కాంగ్రెస్ ప్రభుత్వం కట్టిన భవనాలను ఎవరి చేతిలో పెట్టాలన్న మీమాంస ఇంకా తెమలడం లేదు. మంత్రుల బృందాన్ని వేశారు, హోటల్ సంస్థల నుంచి ప్రతిపాదనలు తీసుకున్నారు, ఆదాయమెంత, నిర్వహణ ఖర్చు ఎవరిదన్న లెక్కలు చూసుకుంటున్నారు. ఆ కొండ మీద నిలబడి కాసేపు సముద్రం చూసే వీలు విశాఖ వాసికీ, విశాఖ చూడవచ్చిన సామాన్యుడికీ మిగులుతుందా అన్న ప్రశ్న మాత్రం ఈ లెక్కల్లో ఎక్కడా వినబడదు. భవనం ఎవరికన్నదే అందరి తాపత్రయం. కొండ ఎవరిదని గట్టిగా అడిగే గొంతు లేదు.

జరిగిన కథ పాఠకులకు తెలిసిందే. మధ్యతరగతి కుటుంబం కూడా ఒక పూట గది తీసుకుని సముద్రాన్ని చూడగలిగిన పర్యాటక శాఖ హరిత రిసార్ట్‌ను 2021లో పడగొట్టారు. దాని చుట్టూ కొండను తవ్వారు. వివాదం హరిత ట్రైబ్యునల్, హైకోర్టు, సుప్రీంకోర్టుల చుట్టూ తిరుగుతుండగానే గోడలు లేచాయి, తవ్విన వాలు మీద ఆకుపచ్చ పట్టాలు పరిచి కొండకు పచ్చదనం తెచ్చామనిపించారు. దాదాపు 450 కోట్ల రూపాయలు ఖర్చయిందని చెబుతున్న ఆ భవనాల తలుపులు 2024 జూన్‌లో తెరిచినప్పుడు రాష్ట్రమంతా స్నానపు తొట్టెల గురించీ, కమోడ్‌ల గురించీ మాట్లాడుకుంది. తొట్టె ధర ఆరా తీసినంత శ్రద్ధగా, కోసేసిన కొండ ధర ఎంతని ఎవరూ ఆరా తీయలేదు. ఆ అశ్రద్ధే ఇప్పుడు మరో రూపంలో కొనసాగుతోందని మా అభ్యంతరం.

విశాఖకు కొండలు అలంకారం కావు, ఊరి స్వరూపమే అవి. బీచ్ రోడ్డు మీద నిలబడితే దక్షిణాన డాల్ఫిన్స్ నోస్, ఉత్తరాన కైలాసగిరి, వీపు వెనుక సింహాచలం కొండల వరుస. కొత్తగా వచ్చినవారు ఊరు మొత్తం ఎక్కడి నుంచి కనబడుతుందని అడిగితే, ఈ ఊరివాళ్లు ఒక్క చోటు చెప్పి ఊరుకోరు. కైలాసగిరి దక్షిణపు అంచున నిలబడితే ఆర్కే బీచ్ మీదుగా డాల్ఫిన్స్ నోస్ దాకా వంపు తిరిగిన తీరమంతా ఒక్క చూపులో అందుతుంది. వెనక్కి తిరిగితే జోడుగుళ్లపాలెం, సాగర్‌నగర్, ఆ పైన ఋషికొండ. తెల్లవారుజామున సూర్యోదయం చూడాలంటే తొట్లకొండకు మించిన చోటు లేదని చాలామంది వాదిస్తారు. 1976లో నౌకాదళం సర్వేలో బయటపడిన ఆ బౌద్ధారామం శిథిలాల మధ్య కూర్చుంటే, భిక్షువులు అక్కడే ఎందుకు ఆగిపోయారో వేరే చెప్పనక్కర్లేదు. మరో బౌద్ధారామం ఉన్న భీమిలి పావురాలకొండ వారి ఎంపికకు ఇంకో సాక్ష్యం. మా మటుకు మాకు, సాయంత్రం పూట ఓడరేవు ముఖద్వారం పక్కనున్న మూడు కొండలే ఎక్కువ ఇష్టం. రాస్ హిల్ మీద మేరీమాత చర్చి, పక్కనే దర్గా కొండ, ఆ పక్కన వేంకటేశ్వరుడి కొండ. కింద కాలువలోకి సరుకు ఓడ నెమ్మదిగా జరుగుతుంటే, ఎదురుగా డాల్ఫిన్స్ నోస్ నల్లబడుతుంటే, చూస్తున్నవాడి మతమేమిటో, జేబులో ఎంత ఉందో ఎవరూ అడగరు. ఊరి కొండ అంటే అదీ.

ఆ స్వేచ్ఛ ఏళ్లుగా అంగుళం అంగుళం తగ్గిపోతోంది. కైలాసగిరి మీద రోప్‌వేకు టికెట్టు, టాయ్ ట్రైన్‌కు టికెట్టు, ఇప్పుడు కొత్తగా కట్టిన గాజు వంతెనకు టికెట్టు. సరదా వస్తువుకు రుసుము పెట్టడం తప్పని మేము అనం. కానీ ప్రతి కొత్త కట్టడమూ కొండ అంచునే వెతుక్కుంటుంది, అంచు కట్టడానికి పోతే చూపు డబ్బిచ్చినవాడికే మిగులుతుంది. 2023లో ఋషికొండ బీచ్‌లో అడుగు పెట్టడానికే 20 రూపాయలు వసూలు చేయాలని తలపెట్టి, జనం మండిపడితే వెనక్కి తగ్గిన ఉదంతం మరిచిపోదగ్గది కాదు. బీచ్ రోడ్డులోని సీతకొండ వ్యూ పాయింట్‌ది ఇంకో విడ్డూరం. అబ్దుల్ కలాం పేరు తీసి వైఎస్సార్ పేరు పెట్టారు, ప్రభుత్వం మారగానే మళ్లీ కలాం పేరు వచ్చింది. కొండ అంచు మీద బోర్డు మార్చడానికి పార్టీలకు ఉన్న తీరిక, ఆ అంచును కాపాడడానికి ఎన్నడూ దొరకలేదు.

పర్యాటకానికి పెట్టుబడులు కావాలనీ, కోట్లు పోసి కట్టిన భవనాలను పావురాలకు వదిలేయలేమనీ, పెద్ద హోటల్ వస్తే ఉద్యోగాలొస్తాయనీ చెప్పేవారి మాటలో కొంత నిజముంది. ఆ నిజం కాదనకుండానే అడుగుతున్నాం. ఋషికొండను షరతులేమీ లేకుండా ఒక విలాస హోటల్‌కు ధారపోస్తే, రేపు మరో కొండ మీద కన్నేసినవాడికి ఏమి నేర్పినట్టు? ముందు తవ్వు, కోర్టులో వాయిదాలు తిరుగు, కట్టేయి, కట్టాక ఇంత ఖర్చు వృథా కారాదన్న వాదన దానంతటదే పుడుతుంది. తవ్వకం ఒక ప్రభుత్వానిది, వాడకం ఇంకో ప్రభుత్వానిది, మధ్యలో కొండ ఎవరి ఖాతాలోనూ ఉండదు. ఇదే మా అసలు భయం. ఒక్క ఋషికొండ పోయిందన్న దిగులు కన్నా, ఋషికొండ ఒరవడి అయిపోతుందన్న దిగులు పెద్దది.

ఇది ఊహలోంచి పుట్టిన భయం కాదు. జాతీయ భూవారసత్వ స్థలంగా గుర్తింపు పొందిన భీమిలి ఎర్రమట్టి దిబ్బల దగ్గర 2024 జూలైలో యంత్రాలు దిగి తవ్వితే గగ్గోలు పుట్టింది. అప్పటికి రాష్ట్రంలో ప్రభుత్వం మారి నెల దాటింది. ఋషికొండ మీద గొంతు చించుకున్నవారి ఏలుబడిలోనే ఆ యంత్రాలు కదిలాయి. మరుసటి ఏడాది అవే దిబ్బలను యునెస్కో ప్రపంచ వారసత్వ తాత్కాలిక జాబితాలో చేర్చారని సంబరపడ్డాం. సంబరానికీ తవ్వకానికీ మధ్య ఏడాదికి పైగా సమయం మాత్రమే గడిచింది.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను ఒక్క రోజులో ఈ కొండల మీది చెట్లన్నీ ఊడ్చేసింది. నాలుగు వానలు పడ్డాక పచ్చదనం మెల్లగా తిరిగొచ్చింది, కైలాసగిరి మళ్లీ కొండలా కనబడింది. ఎక్స్‌కవేటర్ కోసిన ఖొండలైట్ రాయి అలా తిరిగి రాదు. దాని మీద పచ్చని పట్టా ఎంత పరిచినా, సముద్రంలోంచి పడవ మీద వచ్చే మత్స్యకారుడికి ఆ కోత దూరం నుంచే తెలుస్తుంది. అందుకే తవ్విన తరువాతి లెక్కల కంటే, ఇక ముందు తవ్వనివ్వని కట్టుబాటు మీద ప్రభుత్వం దృష్టి పెట్టాలి.

భవనాలను ఎవరికి అప్పగించినా మాకు పేచీ లేదు, మూడు మాటలు ఒప్పందంలో రాయించాలి. సముద్రం వైపున్న కొండ అంచు పొడవునా ఒక నడకదారి రుసుము లేకుండా పగలంతా ప్రజలకు తెరిచి ఉండాలి. ఆ కొండ మీద ఇక ఒక్క గజం కూడా కొత్తగా తవ్వరాదు. ఒప్పందం ప్రతిని సంతకానికి ముందే జనం ముందు పెట్టాలి. సిమ్లాలో రిడ్జ్ మీద ఎన్ని హోటళ్లకు కన్నున్నా, ఆ మైదానంలో నడిచి లోయను చూసే హక్కు కూలీకీ కోటీశ్వరుడికీ ఒకటిగానే ఉంది. విశాఖ అంతకన్నా పేద ఊరేమీ కాదు.

గత ప్రభుత్వం కొండకు గుండు కొట్టిందని వేదికలెక్కి తిట్టినవారే నేడు అధికారంలో ఉన్నారు. ఆ గుండు మీద ఇప్పుడు ఎవరికి కిరీటం పెట్టాలన్నదే వారి చర్చ కూడా అయితే, నాటి తిట్లు కొండ మీది ప్రేమతో తిట్టినవి కావని అనుకోవలసి వస్తుంది. నడకదారి గురించి ఒక్క వాక్యం ఒప్పందంలో రాయడానికి కలం కదలని ఏలికలకు, 2021లో యంత్రాలను కొండెక్కించిన వారిని వేలెత్తి చూపే అర్హత ఉండదు. ఆ వేలు ముందు దించండి.