కాకుల్లేని గోధుమచేను

మా బావమరిది కొత్త ఫ్లాటు గృహప్రవేశానికి వెళ్లాను. పాలు పొంగాయి, వ్రతం అయింది, పులిహోర బ్రహ్మాండం. ఇంతటితో ఊరుకుంటే నేను మర్యాదస్తుణ్నే. కానీ హాల్లో, సోఫా పైన, ఐదడుగుల వాన్‌గో వేలాడుతున్నాడు.

కాన్వాస్ ప్రింటు. ఆ డచ్ చిత్రకారుడు 1890 జులైలో పారిస్‌కి దగ్గర్లో ఓవెర్ అనే పల్లెలో వేసిన గోధుమచేను, మీద కాకుల గుంపు. అసలు బొమ్మ ఆమ్‌స్టర్‌డామ్‌లో ఉంది, అరమీటరు ఎత్తు, మీటరు వెడల్పు. మావాడిది ఇంకా పెద్దది. మావాడిది ఏదైనా అంతే.

కాసేపు చూశాను. ఏదో వెలితి.

"కాకులేవిరా?"

"తీయించేశాను బావగారూ. కొత్తింట్లో కాకులేమిటని సిద్ధాంతిగారు కేకలేశారు. ప్రింటు కుర్రాడు పది నిమిషాల్లో తుడిచేశాడు, పైసా ఎక్కువ తీసుకోలేదు."

ఏటా తద్దినంనాడు పిండం పట్టుకుని డాబా మీద గంటసేపు కావుకావుమని బతిమాలుకునేది ఈ మహానుభావుడే.

సిద్ధాంతిగారు అక్కడితో ఆగలేదు. చేను పండింది కాబట్టి ధాన్యలక్ష్మి, ఉత్తరపు గోడకి ఖాయం చేశారు. కానీ బొమ్మలో మూడు దారులున్నాయి. నడిమిది చేలోకి పోయి ఎటూ తేలకుండా మాయమైపోతుంది. దాని ఇటు కొస మాత్రం సూటిగా సోఫా మీదికి దిగుతోందట. వీధిపోటు! విరుగుడుగా కింద ఇత్తడి వినాయకుణ్ని కూర్చోబెట్టారు. కాకులతోపాటు దారినీ తుడిపించకపోయావా అన్నాను. కుదరదట, సోఫాకి మ్యాచింగ్ ఆ దారి రంగేనట.

చేత్తో తడిమాను. నున్నగా, అతికించే ప్లాస్టిక్ ముగ్గులా ఉంది. వాన్‌గో ఏమో ఎండలో గాలిలో చేలగట్ల మీద నిలబడి, వేలికి తగిలేంత మందంగా రంగు పూసేవాడు. కన్సాస్ సిటీ మ్యూజియంలో ఉన్న ఆలివ్ చెట్ల బొమ్మలో, రంగులో ఇరుక్కుపోయిన మిడత 2017లో బయటపడింది. మావాడి ప్రింటులో ఆ భయం లేదు. పెస్ట్ కంట్రోల్ చేయించాడు.

ఈ చేల గురించి ఆయన తమ్ముడికి రాసిన ఉత్తరంలో, విషాదాన్నీ తీరని ఒంటరితనాన్నీ చూపించే ప్రయత్నం చేశానన్నాడు. అదే నెల 29న, 37 ఏళ్లకే పోయాడు. ప్రింటు వచ్చిన అట్టపెట్టె మీద మాత్రం "పాజిటివ్ వైబ్స్" అని ఉంది.

ఇక్కడిదాకా నవ్వొచ్చింది. భోజనాలయ్యాక అసోసియేషన్ పెద్దలు ఆ సోఫాలోనే, ఆ బొమ్మ కిందే కూర్చుని ఒక కాగితం తిప్పారు. రెండో అంతస్తులో అద్దెకున్న తల్లీకొడుకుల్ని ఖాళీ చేయించాలట. కుర్రాడికి మనసు బాగుండదు, రాత్రిళ్లు గట్టిగా ఏడుస్తాడు. అదీ నేరం. మావాడు మొదటి సంతకం పెట్టాడు. పొంగిన పాలు ఇంకా చల్లారలేదు.

1889లో వాన్‌గో ఉన్న ఫ్రాన్సులోని ఆర్ల్ ఊళ్లో సరిగ్గా ఇదే జరిగింది. ఓ ముప్ఫైమంది ఇరుగుపొరుగు కలిసి, ఈ పిచ్చివాణ్ని ఇంటికైనా పంపండి, ఆస్పత్రిలోనైనా పడేయండి అని మేయరుకి అర్జీ పెట్టారు. పోలీసులొచ్చి ఇల్లు మూసేశారు. అయినా ఆర్ల్ వాళ్లని ఏమంటాం, వాళ్లకి అతనెవరో తెలీదు. మీకు తెలుసు కదరా! తెలిసే కదా ఐదడుగులు కొన్నారు! సిగ్గనేది లేదూ? పోయినవాడి ఏడుపు గోడకి కావాలి. కింది ఇంట్లో బతికున్నవాడి ఏడుపు మాత్రం వినపడకూడదు. తుడిచేయడానికి వాడేమన్నా కాకా?

ఇదంతా పైకి అనలేదు. చుట్టరికం.

కాగితం నా చేతికొచ్చింది. "మీకిక్కడ ఫ్లాటు లేకపోయినా పర్లేదు బావగారూ, పెద్దవారు, సాక్షి సంతకం పడేయండి" అని పెన్నిచ్చాడు. వెనక్కి తిప్పి, ఉన్న సంతకాలు పదకొండు లెక్కపెట్టుకుని, పదకొండు కాకులు వేశాను.

నాకు బొమ్మలు రావు. మా మేనకోడలు తొంగిచూసి, "గబ్బిలాలా మావయ్యా?" అంది.