పడిశం పెట్టిన భిక్ష

ఒపెరా, అంటే పాటలతోనే నడిచే నాటకం, పాడే గాయకుల జీవితం ప్రతిభ మీద, సాధన మీద నడుస్తుందని నమ్మే అమాయకులు ఇంకా ఉన్నారు. వాళ్ళ కళ్ళు తెరిపించడం నా బాధ్యత. అది నడిచేది పడిశం మీద. పడిశం పది రోగాల పెట్టు అన్నారు పెద్దలు. ఒపెరా లోకంలో అది పదిమందికి బతుకుతెరువు కూడా.

న్యూయార్క్ మెట్రోపాలిటన్ ఒపెరా థియేటరులో సుమారు 3,800 సీట్లు. మామూలుగా మైకు మాటే లేదు. కింద వాద్యబృందమంతా హోరెత్తిస్తుంటే, దాన్ని దాటుకుని గొంతు చిట్టచివరి చౌక సీటు దాకా వెళ్ళాలి. ఇంత చాకిరీ చేసేవి బొటనవేలి గోరుకు అటూ ఇటూగా ఉండే రెండు స్వరతంత్రులు. అవి కాస్త వాచాయంటే ఇరవయ్యేళ్ళ సాధన ఆ సాయంత్రానికి సెలవు పెట్టినట్టే. స్వతంత్రంగా పాడేవాళ్ళకు చాలాచోట్ల ప్రదర్శన లెక్కనే డబ్బు. పాడకపోతే సానుభూతి మాత్రం పుష్కలంగా ఇస్తారు. అందుకే పక్క టేబుల్లో ఎవరైనా ముక్కు ఎగబీలిస్తే, సోప్రానో గారు, అంటే హెచ్చు స్థాయిలో పాడే గాయని, మెడకు శాలువా బిగించి, తింటున్న పళ్ళెంతో సహా లేచిపోతారు.

ఇక 'కవర్' అనే పదవి ఒకటుంది. అసలు గాయకుడు పాడలేకపోతే ఆ చోట పాడటానికి, పాత్రంతా కంఠస్థం చేసి, ఫోను చేత్తో పట్టుకుని, థియేటరుకు దగ్గర్లో ఖాళీగా ఉండటమే ఆ ఉద్యోగం. అసలు గాయకుడు ఎదురుపడితే కవర్, "ఒంట్లో ఎలా ఉందండీ?" అని పలకరిస్తాడు. తోబుట్టువులు కూడా అంత ఆప్యాయంగా అడగరు. "దివ్యంగా ఉంది" అన్న జవాబుకి ఆ మొహంలో కమ్ముకునే విషాదాన్ని ఒపెరా స్వరకర్త వెర్డీ సైతం స్వరపరచలేదు.

ఒక్కోసారి పడిశం లేకుండానే కలిసొస్తుంది. 2006 డిసెంబరులో ఇటలీలో మిలాన్ లా స్కాలా థియేటరులో, ప్రాచీన ఈజిప్టు కథతో వెర్డీ రాసిన 'ఐదా' నడుస్తోంది. వీరుడి పాత్రలో రాబర్టో అలాన్యా తొలి పాట ముగించగానే పై గ్యాలరీ గోల పెట్టింది. ఆయన ఓ సెల్యూట్ కొట్టి లోపలికి వెళ్ళిపోయాడు. వాద్యాలు ఆగలేదు. మరుక్షణం ఆయన కవర్ ఆంటొనెల్లో పలోంబీని వేదిక మీదికి తోశారు, ఒంటిమీదున్న బట్టలతోనే. ప్రాచీన ఈజిప్టు వీరుడు కాసేపు ఆధునికుడయ్యాడు.

ఈ గొడవెందుకు, కచేరీలు చేసుకుంటే పోలేదా అంటారా? బేతోవెన్ తొమ్మిదో సింఫనీకి, అంటే వాద్యబృందం వాయించే నాలుగు భాగాల పెద్ద రచనకి, రండి. గాయకులు నలుగురు. మొదటి మూడు భాగాల్లో వాళ్ళకు ఒక్క స్వరం కూడా లేదు. మొదట్నుంచీ వేదికెక్కించారా, ముప్పావుగంట సేపు దగ్గకుండా, ఆవలించకుండా, తన్మయులైనట్టు కూర్చోవాలి. భాగానికీ భాగానికీ మధ్య సభ మొత్తం తనివితీరా దగ్గుకుంటుంది, వేదిక వైపే. ఆఖరికి బాస్ గాయకుడు, అంటే మంద్ర స్వరంవాడు, లేస్తాడు. ఆయన పాడే మొదటి వాక్యం: "మిత్రులారా, ఈ స్వరాలు వద్దు!"

ముప్పావుగంటగా ఆయన మనసులో ఉన్న మాటా అదే.