ట్రెడ్‌మిల్ కొనేది ఎవరి కోసం?

మన నెల్లూరులో ట్రెడ్‌మిల్ అంటే డబ్బున్నోళ్ళ సోకు అనేవాళ్ళు ఇంకా ఉన్నారు. నేనొప్పుకోను. రోహిణి కార్తెలో పొద్దున ఏడు దాటితే బయట అడుగు పెట్టలేం. వాయుగుండం పట్టిందంటే వీధి వీధంతా నీళ్ళు. షుగర్ ఉన్న అమ్మని వీఆర్‌సీ గ్రౌండ్‌కి పోయి నడవమంటే, కుక్కల్ని దాటుకుని ఎట్లా పోతుంది? వారానికి కనీసం 150 నిమిషాల ఓ మోస్తరు వ్యాయామం కావాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్తోంది. అది ఇంట్లోనే కుదిరితే తప్పేముంది?

నా కోపమంతా అమ్మే తీరు మీద. మెషీన్ మీద మోటార్ శక్తి ‘3 హెచ్‌పీ’ (హార్స్‌పవర్) అని పెద్దగా రాస్తారు, పక్కన ‘పీక్’ అని చిన్నగా. పీక్ అంటే మోటార్ కాసేపు మాత్రమే అందుకోగలిగే శక్తి. ఆగకుండా ఇచ్చేది ‘కంటిన్యువస్’ హెచ్‌పీ, అడగాల్సింది అదే. మొన్న ఒక షాపులో అడిగితే "అన్నీ ఒకటే సార్, కళ్ళు మూసుకుని తీసుకోండి" అన్నాడు. ఒకటి కాదు! పీక్ అంకె చూసి కొన్న మెషీన్ మీద రోజూ బరువైన మనిషి నడిస్తే మోటార్ వేడెక్కిపోతుంది. బరువు పరిమితి కూడా మీ బరువు కంటే ఓ ఇరవై కిలోలు ఎక్కువే ఉండాలి.

ఇంకో సంగతి. కొనేది కొడుకు, నడిచేది అమ్మ. ఆమెనే షాపుకి తీసుకెళ్ళండి. బూట్లేసుకుని పది నిమిషాలు నడవనివ్వండి. రెండు పక్కలా పట్టుకోను పొడవాటి కడ్డీలున్నాయా, బెల్టు మెల్లిగా మొదలవుతుందా చూడండి. మోకాళ్ళు బాగా అరిగినవాళ్ళకైతే వీపుకి ఆనుకుని తొక్కే సైకిలే నయం, డాక్టర్ని అడిగి తీసుకోండి.

కొత్తపట్నం లాంటి సముద్రం పక్క ఊళ్ళల్లో ఉప్పుగాలికి ఇనుము తొందరగా తుప్పు పడుతుంది, వరండాలో పెట్టొద్దు. బెల్టు కింద వేసేది సిలికాన్ ఆయిల్. ఇంట్లో ఉంది కదా అని కొబ్బరినూనె పొయ్యొద్దు. రిపేరొస్తే మెకానిక్ ఏ ఊరి నుంచి రావాలో ముందే అడగండి. చెన్నై నుంచి అంటే, ధర ఎంత తగ్గించినా నేనైతే కొనను.

మెషీన్ వెనక ఆరడుగుల జాగా వదలండి, జారితే గోడకి గుద్దుకోకుండా. పసిపిల్లలున్న ఇంట్లో నడక అయిపోగానే సేఫ్టీ కీ (అది లేకపోతే మెషీన్ తిరగదు) తీసి బీరువాలో పెట్టండి. తిరుగుతున్న బెల్టులో వేళ్ళు పడితే చర్మం ఊడొస్తుంది.