మాండ్రిల్ గుంపు ఎవరి మీద నిలుస్తుంది?

ఆఫ్రికాలోని గాబన్ దేశపు అడవుల మాండ్రిల్ కోతుల గురించి ఒక అక్కాతమ్ముళ్ల వాదన ఇది. గుంపును నిలబెట్టేది మగదాని రంగుల ముఖమా, రంగు తక్కువున్న ఆడవా అన్నదే తగువు.

తమ్ముడు: అక్కా, ఆ ముఖం ఒక్కసారి చూడు. ముక్కు మీద రక్తం లాంటి ఎరుపు, రెండు పక్కలా చాళ్లు పడిన నీలం, కింద పసుపు గడ్డం. పాలిచ్చే జంతువుల్లో ఇంత వింత రంగులు ఇంకెవరికీ లేవని 1871లోనే డార్విన్ రాశాడు. అంత రంగు ఊరికే వస్తుందా?

అక్క: ఊరికే వచ్చిందని నేనెప్పుడన్నాను? కానీ ఏ ఫొటో చూసినా ఆ మగదే. గాబన్‌లోని లోపే ప్రాంతంలో లెక్కపెడితే గుంపుకు సగటున 600 పైనే తేలాయి, ఒకదాంట్లో ఏకంగా 845. వాటిలో ఎదిగిన మగవి ఎన్ని? చాలావరకు ఒంటరిగా తిరుగుతూ, ఆడవి ఎదకొచ్చే కాలంలో చుట్టపుచూపుగా వచ్చి పోతాయి. మిగతా ఏడాదంతా గుంపంటే ఆడవీ పిల్లలూనే. చుట్టాన్ని చూసి ఇంటి పెద్ద అంటావేంట్రా?

తమ్ముడు: ఆ చుట్టాలు వచ్చినప్పుడే కదా టెన్షన్! 30 కిలోల ఒళ్లు, 4 సెంటీమీటర్లు దాటిన కోరలు. ఒకటి కరిస్తే రెండోది బతకడం కష్టం. అక్కడ కాపాడేది రంగే. పైచేయి సాధించిన మగదానికి టెస్టోస్టెరాన్ అనే మగ హార్మోన్ పెరిగి ముఖం ఇంకా ఎర్రబడుతుంది, స్థానం పోతే ఆ ఎరుపు కొంత తగ్గుతుంది. తనకంటే ఎర్రగా ఉన్నది ఎదురైతే పాలిపోయినది పక్కకు తప్పుకుంటుంది. రెండింటి ఎరుపూ ఒకేలా ఉంటేనే బెదిరింపులు, పోట్లాటలు ఎక్కువ. కోరలు వాడకుండా తగువు తీర్చే ముఖం అది. దాన్ని అలంకారమంటే నేనొప్పుకోను.

అక్క: మగవాటి మధ్య తగువు తీరుస్తుంది, సరే. మరి గుంపు ఒప్పుకోవాలిగా? గాబన్‌లోనే కంచె వేసిన అడవిలో పెంచుతున్న గుంపులో, గాయపడిన పెద్ద మగదాని మీద ఆడవి కలిసికట్టుగా పడ్డాయని 2006లో పరిశోధకులు రాశారు. ఒక్కొక్కటి బరువులో దానికి మూడో వంతు! అప్పుడు ఆ ఎరుపు ఏం కాపాడింది? ఆడదాని స్థాయి తల్లి నుంచి వస్తుంది. పక్కపక్కన కూర్చుని పేలు చూసుకునే గంటలే వాటి బలం. పేగుల్లో పరాన్నజీవులున్నదాన్ని మలం వాసనతో పసిగట్టి, దానికి పేలు చూడటం మానేస్తాయి. తల్లీబిడ్డలు, తల్లి తరఫు దగ్గరివాళ్లు మాత్రం జబ్బని తెలిసినా మానరు. ఇది చదివిన రోజు నుంచి నాకు మాండ్రిల్ అంటే ఆ రంగు ముఖం గుర్తుకు రావడం మానేసింది.

తమ్ముడు: అయితే ఇది కూడా విను. 2020లో ఆడ మాండ్రిళ్ల ఫొటోలను కంప్యూటర్‌తో పోల్చి చూశారు. ఒకే తల్లి బిడ్డలకంటే ఒకే తండ్రి బిడ్డల ముఖాలే ఎక్కువ కలిశాయి. తండ్రి అడవిలోకి వెళ్లిపోయినా పోలిక గుంపులోనే ఉండిపోయింది. ఆ ముఖమే చుట్టరికం చెబుతోంది, అక్కా.

అక్క: చెబుతోంది, కాదనను. ఎవరికి చెబుతోంది? ఆ తర్వాత జరిగిన పరిశోధనలో, తల్లులు తమ బిడ్డ పోలికలున్న పిల్లల దగ్గరే ఎక్కువగా ఉంటున్నాయని తేలింది. తండ్రి అక్కడ లేడు. తన బిడ్డను పొట్టకు కరుచుకుని, అలాంటి ముఖమే ఉన్న ఇంకో పిల్ల పక్కకు వెళ్లి కూర్చుంటున్నది తల్లి.